నాన్న తలుపు వేయడం నేర్పిన రోజు

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్ళు. ముందు షెడ్డులో మోటార్లు చుట్టుకుంటూ బాబాయి. వంటింట్లో అమ్మ. నడవలో మంచం మీద నాయనమ్మ. నడవ చివరి గదిలో, తలుపు వేసుకుని, నాన్న. పరీక్షలకు చదువుకోమని బడివాళ్ళు సెలవిస్తే, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని నేను. పొద్దెక్కాక కాంపౌండరు గారు కూడా వచ్చారు. ఆయన వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. షేర్ మార్కెట్ నడుస్తున్నంతసేపూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

అది నాన్న పెట్టిన నియమం. మార్కెట్ తెరిచే వేళకు నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. మళ్ళీ మూసేదాకా మిక్సీ తిరగకూడదు, ఫోన్ మోగకూడదు, కుక్కర్ విజిల్ వేయకూడదు. అమ్మ కుక్కర్ అటక మీద పెట్టేసి మామూలు గిన్నెలో వండడం మొదలుపెట్టింది. నాయనమ్మ దగ్గొస్తే దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. బాబాయికి సుత్తి వాడక తప్పదు కాబట్టి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒకసారి ఆ తలుపు వైపు చూస్తాడు.

నాకు ఇదేమీ కష్టం కాలేదు. చిన్నప్పటినుంచీ అమ్మమ్మ దగ్గర ఉండి పల్లెలో చదువుకుని, పోయినేడే ఇక్కడికి వచ్చాను. కొత్తవాళ్ళు పలకరిస్తే నా గొంతు పట్టేస్తుంది. చెప్పాలనుకున్నది రాత్రికి డైరీలో రాసుకుంటాను. బాబాయి నన్ను పిల్లి అంటాడు. "ఈ ఇంటికి కుదిరిన మనిషివి నువ్వొక్కదానివేనే పిల్లీ. నీ అడుగు నీకే వినపడదు" అని నవ్వుతాడు.

నాన్న కూడా ఒకప్పుడు ఆ షెడ్డులోనే పని చేసేవాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, గాడుల్లో పసుపురంగు ఇన్సులేషన్ కాగితం దోపి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టేవాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు పిలిస్తే పలికేవాడు కాదు. మధ్యలో లేస్తే లెక్క పోతుంది. మొదలుపెట్టిన కాయిల్ పూర్తి చేసే లేవాలి. అన్నదమ్ములిద్దరికీ అదే పద్ధతి. గిరాకీ వచ్చి గంటసేపు నిలబడ్డా సరే.

ఆ గిరాకీల్లోనే ఒకతను నాన్నకు ఫోన్‌లో షేర్లు చూపించాడట. ఆ ఏడు ఏం కొన్నా పెరిగిందని అమ్మ చెబుతుంది. షెడ్డు నెలంతా ఇచ్చేదానికంటే ఎక్కువ ఒక్క వారంలో వచ్చింది. నాన్న వార్నిష్ కుంచె బాబాయి చేతిలో పెట్టి, "ఇక నువ్వు చూసుకో. నేను పూర్తిగా ఇదే చేస్తా" అన్నాడు. గదికి కొత్త తలుపు పెట్టించాడు. ఒంటి మీద వార్నిష్ వాసన పోయింది, గోళ్ళ కింద నలుపు పోయింది. నాయనమ్మ ఒకరోజు ఆ చేతులు పట్టుకుని తిప్పి చూసి, "ఇవి మా పెద్దాడివి కావు. ఏ గుమాస్తావో తగిలించుకొచ్చాడు" అంది.

తర్వాత మార్కెట్ పడింది. అలాంటప్పుడు ఇంతకంటే తగ్గితే అమ్మెయ్యమని ముందే ఒక గీత పెట్టుకోవాలట. దాన్ని స్టాప్‌లాస్ అంటారు. నాన్న ఎప్పుడూ ఆ గీత పెట్టుకోలేదు. పడుతున్నకొద్దీ ఇంకా కొన్నాడు. బాబాయి ఒకసారి, "అన్నా, పోయినకాడికి వదిలేసి లేచిరారాదూ" అంటే, "సగం చుట్టి లేస్తావురా నువ్వు?" అని అడిగాడట. బాబాయి వెళ్ళి మళ్ళీ మోటారు ముందు కూర్చున్నాడట.

ఇదంతా నేను రాకముందు. నేను వచ్చేనాటికి నాన్న రోజూ గదిలోకి వెళ్ళడం, మధ్యాహ్నం ఎర్రటి కళ్ళతో బయటికి రావడం, అమ్మ ఏమీ అడగకపోవడం, అన్నీ అలవాటైపోయి ఉన్నాయి.

గదిలో బల్ల మీద పెద్ద స్క్రీన్ ఉంది. దాని కింద మూల నాన్న చిన్న కాగితం ముక్క అంటించాడు. షెడ్డులో వాడే పసుపు కాగితమే. స్క్రీన్ అక్కడ పాడైందేమో అనుకునేవాళ్ళం. ఆదివారం మార్కెట్ ఉండదు కాబట్టి గది తుడవడం నా పని. మొన్న ఆదివారం నేను తుడుస్తుంటే ఆ ముక్క ఊడి నా చేతిలోకి వచ్చింది. నాన్న స్క్రీన్ ఆపకుండా బయటికెళ్ళినట్టున్నాడు. కాగితం కింద సన్నటి బూడిదరంగు అక్షరాలతో ఇంగ్లీషులో ఒక మాట ఉంది. ప్రాక్టీస్ అకౌంట్.

మా బళ్ళో ఉన్న ఒక్క కంప్యూటర్లో టైపు నేర్చుకునేటప్పుడు అలాంటి మాట చూశాను. నిజం పని కాదు, చేయి తిరగడానికి చేసేది. అయినా నమ్మలేక ఆ మాట మీద నొక్కాను. అందులో ఉన్నది ఉత్తుత్తి డబ్బని, పోయినా వచ్చినా ఏమీ కాదని, నేర్చుకునేవాళ్ళ కోసం ఇచ్చారని రాసి ఉంది. అసలు అకౌంట్ అని ఇంకోటి పక్కనే ఉంది. దాన్ని తెరిచాను. అందులో సున్నా ఉంది. పోయిన ఎండాకాలం నుంచీ సున్నాయే ఉంది.

ఎండాకాలంలో అమ్మ వంటింటి కిటికీ మూసుకుని, గరిట కూడా గిన్నెకు తగలకుండా వండింది. నాయనమ్మ జ్వరంలో దగ్గు ఆపుకోలేక పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. అదంతా ఉత్తుత్తి డబ్బు కోసం.

కాగితం మళ్ళీ అంటించి గది తుడిచి బయటికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

*

ఆ రోజు పొద్దున అమ్మ నన్ను లేపుతూనే ఉతికిన బట్టలు వేసుకోమంది.

"కాంపౌండరు గారు వస్తున్నారు. టీ నువ్వే తీసుకెళ్ళు. ఏమైనా అడిగితే బాగుందని చెప్పు."

"ఏం బాగుంది?"

"అన్నీ."

అల్మారాలోంచి పూల కప్పులు తీసింది. షెడ్డులోంచి కుర్చీ తెప్పించి, దాని చేతుల మీద వార్నిష్ మరకలు పోయేదాకా తోమింది. కాంపౌండరు గారు నాన్న దగ్గర ట్రేడింగ్ నేర్చుకోవడానికి వస్తున్నారని అప్పుడు చెప్పింది. క్లినిక్‌లో పని మానేసి, దాచుకున్న డబ్బు తెచ్చి నాన్న చేతికి ఇస్తారట. ఇద్దరి పేరా నాన్నే చేస్తాడట.

నేను గది తలుపు వైపు చూశాను.

ఈ ఊళ్ళో నేను భయపడకుండా చూడగలిగే బయటి మనిషి ఆయనొక్కరే. వీధి మలుపులో డాక్టరు గారి క్లినిక్‌లో సూదులేస్తారు, కట్లు కడతారు, మందుల పొట్లాల మీద పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని అని గీతలు గీసిస్తారు. నేను వచ్చిన కొత్తలో జ్వరమొస్తే ఆయనే సూది వేశారు. "కళ్ళు మూసుకుని నీకిష్టమైన మనిషిని తలుచుకో. తలుచుకునేలోపు అయిపోతుంది" అన్నారు. ఎవరిని తలుచుకున్నావంటే అమ్మమ్మ అన్నాను. అప్పటినుంచీ ఎక్కడ కనపడినా, "అమ్మమ్మ ఎలా ఉంది?" అని అడుగుతారు. ఆ ఒక్కదానికి నేను పైకి వినపడేలా జవాబు చెప్పగలను.

వస్తూనే నాయనమ్మ మంచం దగ్గర కూర్చుని, సంచిలోంచి బీపీ మిషన్ తీసి, చేతికి పట్టీ చుట్టారు.

"కాస్త ఎక్కువుంది పెద్దమ్మా. కిందటిసారి కంటే పెరిగింది."

"ఈ ఇంట్లో పైకి పోతున్నది అదొక్కటే నాయనా" అంది నాయనమ్మ.

ఆయన నవ్వారు. అమ్మ నాయనమ్మ వైపు చూసిన చూపు ఆయన చూడలేదు.

"మా పెద్దాడి దగ్గర నేర్చుకుంటావటగా? కోడైనా మూడు వారాలు పొదిగి లేస్తుంది. వీడు ఇన్నాళ్ళుగా ఏ గుడ్లు పొదుగుతున్నాడో, పిల్లలొచ్చాక కబురు చెయ్యి."

"అత్తయ్యా, మీరు పడుకోండి" అంది అమ్మ.

గది తలుపు తెరుచుకుంది. మార్కెట్ నడుస్తుండగా అది తెరుచుకోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. నాన్న గడప దగ్గర నిలబడి, "రా తమ్ముడూ" అన్నాడు. కాంపౌండరు గారు ఇదివరకు క్లినిక్ ఫ్యానో పంపో పట్టుకొచ్చినప్పుడు నాన్నను అన్నా అనేవారు. ఈసారి చెప్పులు విప్పి, "నమస్తే సార్" అన్నారు. నాన్న ఆ మాట దిద్దలేదు.

నేను టీ తీసుకుని లోపలికి వెళ్ళేసరికి ఇద్దరూ స్క్రీన్ ముందు ఉన్నారు. ఆకుపచ్చ, ఎరుపు గీతలు లేస్తూ పడుతూ ఉన్నాయి. నాన్న ఏదో కొన్నాడు. ఇద్దరూ ముందుకు వంగి చూశారు. కాసేపటికి గీత ఆకుపచ్చగా పైకి లేచింది. నాన్న నెమ్మదిగా ఒక బటన్ నొక్కి వెనక్కి ఆనుకున్నాడు.

"అయిందా సార్?"

"అయింది."

"ఎంతొచ్చినట్టు?"

"నీ జీతం ఎంత తమ్ముడూ? అందులో సగం. ఇంకా టీ కూడా తాగలేదు మనం."

కాంపౌండరు గారి చేతిలో కప్పు, సాసర్ కలిసి చిన్నగా చప్పుడు చేశాయి. రోజూ వణక్కుండా సూది పట్టే చేయి అది. పళ్ళెం పట్టుకుని నేను గోడ పక్కన నిలబడిపోయాను. నాన్న వెళ్ళమనలేదు.

"సార్, ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోకండి. ఒకరోజు రావడం వేరు. ఇది రోజూ ఉంటుందా? అంటే, ఉద్యోగం లేకుండా, దీనిమీదే కూర్చుని బతకొచ్చా? నాకు ఇద్దరు పిల్లలు."

"నన్ను చూడు. మా ఇల్లు గడవట్లేదా?" అన్నాడు నాన్న.

కాంపౌండరు గారు గుమ్మం వైపు చూశారు. అక్కడ అమ్మ బిస్కెట్ల గిన్నెతో నిలబడి ఉంది.

"మాకేం లోటండీ" అంది అమ్మ. "తీసుకోండి. మొహమాటపడకండి."

ఇల్లు గడుస్తున్నది బాబాయి చుట్టే మోటార్ల మీద. ఆ మాటకొస్తే బిస్కెట్లు కూడా పొద్దున బాబాయి జేబులో డబ్బుతో తెచ్చినవే. కాంపౌండరు గారు ఒకటి తీసుకుని సగం విరిచి, సగం నాకిచ్చారు.

"మరి నష్టమొస్తే సార్?"

నాన్న కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాడు. "నువ్వొకడికి జ్వరానికి మందిచ్చావనుకో. రెండు రోజులైంది, తగ్గలేదు. ఆపెయ్యమంటావా?"

"అయ్యో, ఎలా ఆపుతాం? కోర్సు పూర్తి చేయాల్సిందే. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది."

"మరి? నీకు తెలిసినదే ఇది. అందరూ ఎర్రగా కనపడగానే బెదిరి మధ్యలో ఆపేస్తారు. అందుకే పోగొట్టుకుంటారు."

కాంపౌండరు గారి మొహం తేటపడింది. తనకు రాని విద్య అనుకున్నది ఇన్నాళ్ళూ తన చేతిలోనే ఉందని తెలిసినట్టు నవ్వారు. "నేను రోజూ చెప్పేది అదే సార్. ఒక్కళ్ళూ వినరు" అన్నారు. షెడ్డులో చుట్ల లెక్క కోసం పుట్టిన పద్ధతి క్లినిక్ మాటల్లోకి మారి ఆయన లోపలికి వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

"ఆ మూల కాగితమేంటి సార్?"

"అక్కడ స్క్రీన్ కొంచెం కాలింది. కంటికి అడ్డమని అంటించా" అన్నాడు నాన్న. అంటూ నా వైపు చూశాడు. నేను పళ్ళెంలోకి చూశాను.

తర్వాత నాన్న లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. "అందరూ ముందు చార్టు నేర్చుకోవాలంటారు. అది తర్వాత. ముందు ఇది నేర్చుకో." బొటనవేలితో గడియ నాలుకను లోపలికి నొక్కిపట్టి, రెండో అరచేత్తో తలుపును నెమ్మదిగా తోసి, అది చట్రానికి ఆనాక వేలు వదిలాడు. చీమ నడిచినంత చప్పుడు కూడా రాలేదు.

"దబేలుమని వేశావనుకో, కోపమొచ్చిందనుకుని మళ్ళీ మళ్ళీ తలుపు కొడతారు. ఇలా వేస్తే అలవాటు పడతారు. నువ్వు ఉద్యోగం మానేశావని తెలియగానే ముందు నీ ఇంట్లోవాళ్ళే వస్తారు. ఏడుస్తారు, పిల్లల్ని చూపిస్తారు. వాళ్ళదంతా భయం. ఆ భయం చెవిలో పడితే నీ చేయి వణుకుతుంది. చేయి వణికితే అయిపోయావు. నాకూ అదే జరిగింది మొదట్లో. చూడు, ఇప్పుడు మా ఇంట్లో చప్పుడుందా?"

లేదు. బాబాయి సుత్తి కూడా ఆగి ఉంది.

కాంపౌండరు గారు లేచి తనూ వేసి చూశారు. మొదటిసారి గడియ టక్కుమంది. రెండోసారి బాగా వచ్చింది. నాన్న ఆయన భుజం తట్టాడు.

"నెలాఖరుకు డాక్టరు గారితో చెబుదామనుకుంటున్నా సార్."

"నెలాఖరుదాకా ఆలోచిస్తూ కూర్చుంటే చెప్పవు. నీ ఇష్టం."

"డబ్బు మాత్రం రేపు తెస్తాను."

ఆయన వెళ్ళేటప్పుడు నడవలో నా తల మీద చేయి పెట్టి, "అమ్మమ్మ ఎలా ఉంది?" అని అడిగారు. బాగుందని చెప్పాను. ఆ మాట వచ్చిన గొంతులోంచి తర్వాతి మాట రాలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

*

నేను కప్పులు తీసుకోవడానికి గదిలోకి వెళ్ళినప్పుడు నాన్న స్క్రీన్ వైపే చూస్తూ, "కాగితం తిన్నగా అంటించావు" అన్నాడు. "నేను వంకరగా అంటించా."

నేను కదల్లేదు.

"చదివావా?"

"ఊ."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు నాన్నా."

చిన్నప్పుడు సెలవులకు వస్తే షెడ్డులో నాకు తీగల సైజులు చెప్పిన గొంతుతో నాన్న మాట్లాడాడు. "ఇందులో ధరలు నిజమైనవే. నేను కొనే వేళ నిజం, అమ్మే వేళ నిజం. పోయిన ఎండాకాలం నుంచి ఇందులో గెలుస్తూనే ఉన్నా. కావాలంటే వెనక్కి తిప్పి చూడు. అబద్ధం కాదు. డబ్బొక్కటే లేదు. నా డబ్బు ఉన్నప్పుడు భయంతో చేశాను. భయం లేకపోతే నా వల్ల తప్పు జరగదని ఇందులో తేలిపోయింది."

"కాంపౌండరు గారి డబ్బు పెడితే భయం వేయదా నాన్నా?"

నాన్నను నేను అంత పెద్ద ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

"అది నాది కాదుగా" అన్నాడు.

ఆ మాట అన్నాక వార్నిష్ లేని, శుభ్రమైన చేతులు బల్ల మీద పెట్టుకుని వాటిని చూసుకున్నాడు. ఇంకేదైనా అంటాడేమోనని ఎదురుచూశాను. స్క్రీన్ మీద ఏదో కదిలింది. నాన్న అటు వంగాడు. నేను కప్పులు తీసుకుని బయటికి వచ్చాను.

అమ్మ కప్పులు కడుగుతుంటే పక్కన నిలబడి, "అమ్మా, ఆ డబ్బు ఉత్తుత్తిది" అన్నాను.

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"గదిలో ఏం రాసుందో నాకు చదవడం రాదు. గదిలోంచి ఏమీ రావట్లేదని తెలియడానికి చదువు కావాలా?" కప్పు బోర్లించింది. "నువ్వు కల్పించుకోకు. ఆయన పెద్దవాడు, ఆయన లెక్క ఆయన చూసుకుంటాడు."

"ఇద్దరు పిల్లలమ్మా ఆయనకి."

"మీ నాన్నకు నువ్వు లేవా?" అమ్మ గొంతు మామూలుగానే ఉంది. అలవాటైపోయింది కదా, మాకు అరవడం రాదు. "రాత్రుళ్ళు కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాడు. పక్కలో నేను చూస్తున్నా. చేతికి నాలుగు డబ్బులొస్తే మళ్ళీ మనిషవుతాడేమో. నా ఆశ నాది. వెళ్ళు, చదువుకో."

నేను షెడ్డులోకి వెళ్ళాను. బాబాయి ఒక పెద్ద మోటారు ఒళ్ళో పెట్టుకున్నట్టు కూర్చుని గాడుల్లో కాగితం దోపుతున్నాడు. పక్కన నాన్న పీట ఖాళీగా ఉంది. దాని మీద బాబాయి ఎప్పుడూ పనిముట్లు పెట్టడు.

"ఏంటే పిల్లీ, పాఠం అయిందా లోపల?"

"బాబాయ్, నాన్న గదిలో చేసేది..."

"నాకు తెలుసులే. మోటారు బ్రహ్మాండంగా తిరుగుతోంది. నీళ్ళే రావట్లేదు." నవ్వబోయి మానేశాడు.

"కాంపౌండరు గారికి నువ్వు చెప్పు బాబాయ్. నువ్వు చెబితే వింటారు."

బాబాయి కాగితం కొస కత్తిరించి, వేలితో అణిచి, ఇంకో ముక్క తీసుకున్నాడు. "నేను చెబితే మా అన్నను వీధిలో నిలబెట్టినట్టు. నా చేయి పట్టుకుని ఈ పని నేర్పాడే. నా వల్ల కాదు."

"నాన్నను మళ్ళీ ఇక్కడికి పిలవలేదా?"

"పిలవకేం. ఒకరోజు వచ్చి కూర్చున్నాడు కూడా. తీగ పట్టుకుని కాసేపు చుట్టి, లెక్క తప్పిపోయిందిరా అని లేచిపోయాడు. అన్నకు లెక్క తప్పడం నేను అదే చూడడం." తల ఎత్తకుండా, "ఇది కూడా రాకపోతే ఇంక నాకేం వచ్చురా అన్నాడు. నేనేం చెప్పను?" అన్నాడు.

ఇంక చెప్పగలిగేది నేనొక్కదాన్నే మిగిలాను.

సాయంత్రం నాయనమ్మ పిలిచింది. బీపీ మిషన్ మంచం మీద దుప్పటి మడతలో ఉండిపోయింది. "మర్చిపోయాడు పాపం. పోయి ఇచ్చిరా. వాళ్ళింటికే పో, క్లినిక్‌కి కాదు" అంది. ఆ మాట ఎందుకందో అడగలేదు. మా ఇంట్లో నాయనమ్మకు చెవుడని అందరూ అంటారు గానీ, గోడకు అటువైపు నుంచి కూడా ఆమెకు అన్నీ వినపడతాయి.

దారంతా ఒకటే వాక్యం అనుకుంటూ నడిచాను. అది నిజం డబ్బు కాదు, మీ డబ్బు ఇవ్వకండి. సైకిల్ షాపు ముందు అనుకున్నాను, ట్రాన్స్‌ఫార్మర్ కింద అనుకున్నాను. క్లినిక్ ముందు బెంచీ మీద జనం నిండి ఉన్నారు. లోపల కాంపౌండరు గారి స్టూల్ ఖాళీగా ఉంది. డాక్టరు గారే కళ్ళజోడు నుదుటి మీదకు ఎత్తుకుని మాత్రలు లెక్కపెడుతూ, పొట్లం కట్టడం రాక విసుక్కుంటున్నారు. మధ్యాహ్నం కాంపౌండరు గారు ఇంటికి భోజనానికి పోయి ఇంకా రాలేదేమో అనుకున్నాను.

వాళ్ళ ఇల్లు టైలర్ షాపు పైన. మెట్లు ఇరుగ్గా, గోడ మీద పిల్లలు గీసిన బొమ్మలతో ఉన్నాయి. కింద మిషన్ల చప్పుడు మెట్ల దాకా వస్తోంది. తలుపు కొట్టాను. చాలా మెల్లగా కొట్టినట్టున్నాను, ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాను.

కాంపౌండరు గారే తీశారు. లోపల బల్ల మీద కొత్త తెల్లకాగితాలు, పక్కన పెట్టె విప్పుతున్న కంప్యూటర్ స్క్రీన్ కనిపించాయి. అట్టముక్కల మీద ఆయన చిన్నకూతురు కూర్చుని ఆడుకుంటోంది.

"నువ్వా? రామ్మా. ఏంటిలా వచ్చావు?"

బీపీ మిషన్ ఇచ్చాను.

"అరె, ఇది మర్చిపోయానా. మంచిపని చేశావు. ఇది క్లినిక్‌ది. రేపు అప్పజెప్పెయ్యాలి."

"రేపా?"

"అవునమ్మా. మీ నాన్నగారు అన్నది నిజమే, నెలాఖరుదాకా ఉంటే నేను చెప్పేవాణ్ణి కాదు. మీ ఇంట్లోంచి సరాసరి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి చెప్పేశా." నవ్వారు. ఆ నవ్వులో కాస్త ఆయాసం ఉంది, పరుగెత్తి వచ్చినవాళ్ళకు ఉన్నట్టు. "ఆయనకు కోపమొచ్చింది. రేపు సామాన్లు అప్పజెప్పి పొమ్మన్నారు. పోనీలే."

నేను దారంతా అనుకున్న వాక్యం ఆయన ఉద్యోగానికి అప్పటికే పనికిరాకుండా పోయింది. డబ్బైనా మిగలాలని పైకి అనేశాను.

"అది నిజం డబ్బు కాదండీ."

"ఏది?"

"నాన్న చేసేది. అది నేర్చుకునేవాళ్ళకిచ్చే ఉత్తుత్తి అకౌంట్. కాగితం కింద రాసుంది. అసలుదాంట్లో ఏమీ లేదు. మీ డబ్బు ఇవ్వకండి."

అన్నీ చెప్పేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కింద మిషన్లు ఆగి మళ్ళీ నడిచాయి.

కాంపౌండరు గారు నా మొహంలోకి చూశారు. ఆయన నవ్వు వెంటనే పోలేదు, కాస్త కాస్తగా పోయింది. వెనక్కి తిరిగి బల్ల వైపు, కొత్త స్క్రీన్ వైపు, దాని పక్కన పాప వైపు చూశారు. నమ్మారు. ఆ ఒక్క క్షణం ఆయన నన్ను నమ్మారని నాకు ఖచ్చితంగా తెలుసు.

తర్వాత ఆయన చేయి తలుపు మీదికి వచ్చింది.

"ఎవరు పంపారమ్మా నిన్ను? మీ అమ్మగారా?"

"ఎవరూ పంపలేదు."

"పెద్దవాళ్ళు రెండు అకౌంట్లు పెట్టుకుంటారు. ఒకటి సాధనకు. నీకు తెలియదు." నాతో చెబుతున్నట్టు లేదు. "మీ నాన్నగారు ముందే చెప్పారు. ఇంట్లోవాళ్ళే ముందు వస్తారని. ఇంత త్వరగా అనుకోలేదు."

"కాదండీ, నేను చూశాను. మీరు రేపు ఆ కాగితం తీసి..."

"ఎవరండీ?" లోపల్నుంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. "ఎవరొచ్చారు?"

ఆయన నా వైపు చూస్తూనే ఉన్నారు. సూది వేసేటప్పుడు చూసినట్టే, నెమ్మదిగా, నొప్పి తెలియనివ్వకూడదన్నట్టు.

"ఎవరూ లేరు" అన్నారు.

బొటనవేలితో గడియ నాలుకను లోపలికి నొక్కిపట్టారు. రెండో అరచేత్తో తలుపును తోశారు. చప్పుడు రాలేదు.